తమ్ముడి ఎదుట ఫువాతినో పరీక్ష

మా అక్క కూతురు ఫువాతినోకి మురుగునీటి పరీక్షలో సున్నా వచ్చిందని తెలిసినప్పుడు నేను మొగలాకు చాప అల్లుతున్నాను. ఆ మాట విని ఒక వరస తప్పు అల్లేశాను. పదిహేడేళ్ళు ఆ ప్లాంటుని పసిబిడ్డని సాకినట్టు సాకిన మనిషికి సున్నా ఎలా వస్తుంది? సున్నా అంటే ఏమీ తెలియని వాళ్ళకి ఇచ్చేది కదా. ఆ రోజు నుంచి నా బుర్ర తిరుగుతూనే ఉంది. నేను పాస్టరుగారి బడిలో మూడో తరగతి దాకా చదివాను. ఆ మాత్రం చదువుతో ఇది రాస్తున్నాను. రాస్తూ పోతే నాకైనా కొంచెం అర్థమవుతుందేమో.

మా అక్క పోయేనాటికి ఫువాకి తొమ్మిదేళ్ళు. నేను తెచ్చుకుని నా కొడుకు పెనియామినాతో పాటు పెంచాను. వాడు దానికంటే మూడేళ్ళు చిన్న. అక్కచెల్లెళ్ళ పిల్లలు వేరు కాదు కదా, అది వాడికి సొంత అక్కే. ఒకే కుండలో చామదుంపలు తిన్నారు, ఒకే కొబ్బరిచెట్టు ఎక్కి ఒకేసారి కింద పడ్డారు.

కాస్త పెద్దయ్యాక వాళ్ళకి కట్టుబాటు నేర్పాను. మా దీవుల్లో అక్కాతమ్ముళ్ళు ఒకరి ఎదుట ఒకరు కొన్ని మాటలు అనకూడదు. కడుపు సంగతి, దొడ్డి సంగతి, దుప్పటి కింద సంగతి ఏదీ రాకూడదు. ఒకరున్న చోట ఇంకొకరి నోట అలాంటి మాట వస్తే ఇద్దరి మొహం మీదా బురద పడ్డట్టే. ఊళ్ళో అందరిళ్ళలోనూ ఉన్న పద్ధతే ఇది. మా ఇంట్లో ఇంకాస్త గట్టిగా ఉండేది, నేర్పింది నేను కాబట్టి. ఫువాకి పద్నాలుగేళ్ళప్పుడు ఒక ఆదివారం భోజనం దగ్గర, పెని పక్కనే ఉండగా, "పిన్నీ, పొద్దుట్నించీ నాకు విరేచనాలు" అంది. ఈనెల చీపురు తీసుకుని కాళ్ళ మీద నాలుగు వేశాను. అప్పుడు ఆ పిల్ల నోరు మూసుకుంది. మళ్ళీ వాడి ఎదుట అలాంటి మాట ఎప్పుడూ అనలేదు. పెంపకం అంటే అదీ అని నేను మురిసిపోయాను.

పద్దెనిమిదో ఏట చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేరి ఆరేళ్ళు పనిచేసింది. ఇరవై నాలుగో ఏట మా ఊరి మురుగు ప్లాంటులో ఊడ్చే పనికి చేరింది. ఊరి చివర సముద్రం ఒడ్డున నాలుగు కాంక్రీటు తొట్లు, ఒక రేకుల గది, అంతే. మా దీవులు అమెరికా ఏలుబడిలోవి కాబట్టి అప్పట్లో దాన్ని నడిపేవాడు అక్కడివాడే, పదమూడు నెలలుండి, ముక్కు పట్టుకుని వెళ్ళిపోయాడు. వాడి చోటుకి ఎవరూ రాలేదు. తొట్లు మాత్రం ఆగవు కదా. ఊరు తింటూనే ఉంటుంది, మిగతాదీ జరుగుతూనే ఉంటుంది. చీపురు పట్టుకున్న పిల్లే మెల్లగా మీటలు పట్టుకుంది.

ఎలా నేర్చుకున్నావే అని అడిగితే, "చూసి" అనేది. ఒక గాజు జాడీలో తొట్టి నీళ్ళు పట్టి, కదపకుండా అరగంట పెట్టి, ముందు కూర్చునేది. బురద అడుక్కి దిగి పైన నీళ్ళు తేరుకుంటే తొట్టి ఆరోగ్యంగా ఉన్నట్టు. దిగకుండా మబ్బులా తేలుతూ ఉంటే జబ్బు చేసినట్టు. నురుగు తెల్లగా పొంగితే ఒక లెక్క, నల్లగా జిడ్డుగా కట్టితే ఇంకో లెక్క. వాన మట్టి వాసన వస్తే మంచిది, కుళ్ళిన గుడ్డు వాసన వస్తే పరిగెత్తాలి. చర్చిలో ఆడవాళ్ళు దాని పక్క నుంచి కాస్త జరిగి కూర్చునేవాళ్ళు. ఒకసారి గట్టిగానే అడిగాను, "ఏమర్రా, మీ ఇళ్ళలోంచి వచ్చిందే కదా అది రోజూ చూసుకునేది! జరగాల్సింది అదా మీరా?" అని. ఆ తర్వాతి ఆదివారం ఎవరూ జరగలేదు.

పదకొండేళ్ళ కిందట పెనికి కూడా అక్కడే పని దొరికింది. అక్కడ చిక్కు వచ్చింది. ఇంట్లో, చర్చిలో, చేపల వేటలో ఆ ఇద్దరూ హాయిగా మాట్లాడుకుంటారు. కానీ ప్లాంటులో మాట్లాడ్డానికి ఆ ఒక్క విషయం తప్ప ఏముంది? అందుకని ఫువా పగలు, వాడు రాత్రి అని పంచుకున్నారు. అది ఒడ్డు దారిన వెళ్ళిపోయాక వాడు రోడ్డు మీదుగా వస్తాడు. రిజిస్టర్లో అంకెలు మాత్రం రాసుకుంటారు. అంకెలకి సిగ్గు లేదు. అంకెల్లో పట్టనిది నాకు చెప్పేవాళ్ళు. సాయంత్రం ఫువా నా గట్టు మీద కూర్చుని, "పిన్నీ, మూడో తొట్టిలో నురుగు నల్లబడింది, పాత బురద కొంచెం తియ్యమని పెనికి చెప్పు" అనేది. పొద్దున్నే వాడొచ్చి, "అమ్మా, తీశానని అక్కతో చెప్పు" అనేవాడు. పదకొండేళ్ళు ఆ ప్లాంటు నా నోటి మీద నడిచింది. మాకెవరికీ ఇందులో వింతేమీ కనబడలేదు.

అలా నడుస్తుండగా లైసెన్సు వచ్చి పడింది.

టౌనులో ఉన్న నీళ్ళ ఆఫీసు నుంచి లోసా అనే అమ్మాయి వచ్చింది. దీవికి పడమటి వైపు ఊరి పిల్ల, ఇంగ్లీషు బాగా వచ్చు. నా గట్టు మీద కూర్చుని కోకో తాగుతూ చెప్పింది.

"వచ్చే నెల ఒకటో తారీకు నుంచి లైసెన్సు లేనివాళ్ళు ప్లాంటులో మీట ముట్టుకోకూడదు పెద్దమ్మా. పరీక్ష పెట్టడానికి అమెరికా నుంచి బ్రెన్నర్ అని ఒకాయన వస్తున్నాడు. రెండు వారాలే ఉంటాడు. మళ్ళీ వచ్చే ఏడాదే."

"పాసవకపోతే?"

"వాళ్ళ చోటుకి టౌను నుంచి లైసెన్సు ఉన్న మనిషిని పంపిస్తారు."

"పదిహేడేళ్ళు చేసిన దాన్ని తీసేసి?"

"రూలు పెద్దమ్మా."

"పిల్లల్ని కన్నదాన్ని పట్టుకుని తల్లి అవడానికి కాగితం ఉందా అని అడిగినట్టుంది మీ రూలు."

లోసా నవ్వింది. ఫువా నవ్వలేదు. పరీక్షకి చదవమని లోసా తెచ్చిన పుస్తకం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

చదివినన్నాళ్ళూ ఫువాకి అయోమయమే. వంట అయ్యాక పుస్తకం ముందేసుకుని నన్ను పిలిచేది, నాకేదో తెలిసినట్టు.

"పిన్నీ, ఇది విను. తొట్టిలో నురుగు తెల్లగా పొంగితే మొదట ఏం చెయ్యాలి? నాలుగు జవాబులిచ్చాడు. ఒకటి ఎంచుకోవాలి."

"ఎంచుకో మరి."

"నాలుగూ నిజమే! వానొచ్చిన మర్నాడైతే మొదటిది. పెళ్ళి భోజనాలైన మర్నాడైతే మూడోది. ఏ రోజో చెప్పకుండా అడిగితే ఎలా?"

"ఏ రోజని రాయి పక్కన."

"రాయడానికి చోటు లేదు పిన్నీ, చుక్క పెట్టడానికే ఉంది."

తర్వాత ఒక లెక్క వచ్చింది. దానికి తెలిసిన తొట్టే, తెలిసిన నీళ్ళే, కానీ గాలన్ల లెక్క ఇచ్చి, నీళ్ళు అందులో ఎంతసేపు నిలుస్తాయో గంటల్లో చెప్పమన్నాడు. రెండు రోజులు దాని మీదే కూర్చుని చివరికి, "రెండు గంటల పైచిలుకు" అంది. పుస్తకం వెనక చూస్తే అదే జవాబు. "ఇది నాకు ముందే తెలుసు కదా పిన్నీ! తెలిసినదాన్ని మళ్ళీ తెలుసుకోడానికి రెండు రోజులు ఎందుకు పట్టింది?" అని నన్నే అడిగింది.

ప్లాంటు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి గనక పెని మొదటి వారం వెళ్ళాడు, టౌను వాళ్ళతో కలిసి టౌను ప్లాంటులోనే అన్నీ చెప్పి పాసయ్యాడు. రెండో వారం ఫువా వెళ్ళింది. కాగితం పరీక్షలో ఎనభై ఒకటి. పెనికి డెబ్భై నాలుగే, కాబట్టి ఇల్లంతా గంతులేశాం. ఇక మిగిలింది నోటితో చెప్పే పరీక్ష. ప్లాంటంతా నడుస్తూ ఎక్కడ ఏం జరుగుతుందో ఆ బ్రెన్నర్ దొరకి వివరించాలి. టౌను వాళ్ళ వంతు మొదటి వారమే అయిపోయింది గనక ఈ పరీక్ష గురువారం, అదీ మా ఊరి ప్లాంటులోనే. తన సొంత తొట్ల పక్కన నిలబడి చెప్పడమే. దానికీ భయమేమిటని అందరం అనుకున్నాం.

గురువారం మధ్యాహ్నం లోసా బండి వచ్చి ఆగింది. ఫువా దిగి, నా మొహం చూడకుండా లోపలికి పోయి, గోడ వైపు తిరిగి పడుకుంది. లోసా నా పక్కన కూలబడింది.

"సున్నా పెద్దమ్మా."

నా చాపలో వరస తప్పింది అప్పుడే.

"ఏమైందే?"

"నాకూ తెలీదు! దొర మొదటి తొట్టి దగ్గర నిలబెట్టి, ఇక్కడికి ఏం వస్తుంది అని అడిగాడు. తన బూట్లు చూసుకుంది. మళ్ళీ అడిగాడు. సముద్రం చూసింది. బురద గురించి అడిగాడు, వాసన గురించి అడిగాడు, పన్నెండు ప్రశ్నలు అడిగాడు. నోరు విప్పలేదు. కళ్ళనిండా నీళ్ళు. నిన్న ఎనభై ఒకటి తెచ్చుకున్న మనిషేనా అని దొరే బిత్తరపోయాడు."

"ఇంకెవరున్నారక్కడ?"

"ఎవరూ లేరు. నేను, దొర, తాడు పట్టుకునే మనిషి. పరీక్షప్పుడు మూత లేని తొట్టి దగ్గరికి ఒక్కరే వెళ్ళకూడదు కదా, నడుముకి తాడు కట్టి ఇంకొకరు పట్టుకోవాలి. రూలు. ఆ తాడు పట్టుకున్న అతను కూడా వింతగా ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు, చెవులు ఎర్రగా కందిపోయి."

"ఎవరా మనిషి?"

"మీ ఊరి అతనే. పెనియామినా."

చాప పక్కన పెట్టేశాను.

"ఒసేయ్ లోసా, వాడు దానికి తమ్ముడే!"

లోసా రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. దానికి ఇక చెప్పక్కర్లేదు, దానికీ అన్నదమ్ములున్నారు. "ఇంటిపేర్లు వేరు కదా పెద్దమ్మా, నాకెలా తెలుస్తుంది? దేవుడా! ఆ ప్రశ్నలన్నీ తమ్ముడి ఎదుటా!" అంది.

ఇప్పుడు తెలిసిపోయింది కదా, దొరకి చెప్తే సరిపోతుంది అనుకున్నాను. అక్కడే నా లెక్క తప్పింది. ఆ సాయంత్రమే లోసాని వెంటబెట్టుకుని దొర బస చేసిన ఇంటికి వెళ్ళాను. పొడుగాటి మనిషి, ఎండకి ముక్కు తోలు ఊడిపోతోంది. నాకు కుర్చీ వేశాడు, నిమ్మరసం ఇచ్చాడు. నేను చెప్పాను, లోసా ఇంగ్లీషులో చెప్పింది. వాడు శ్రద్ధగా విన్నాడు. తర్వాత ఏదో అడిగాడు.

"వాళ్ళిద్దరికీ ఎప్పట్నించి గొడవ అంటున్నాడు" అంది లోసా.

"గొడవ లేదు! ఇద్దరికీ ప్రాణం. అందుకే మాట్లాడరు."

లోసా చెప్పింది. వాడి మొహం ఇంకా చిక్కుపడింది. వాడి చెల్లెలు ఎక్కడో నర్సు అట, పండగ భోజనం దగ్గర కూడా ఇద్దరూ ఇవే కబుర్లు చెప్పుకుంటారట. అది విని నాకు నిమ్మరసం దిగలేదు. భోజనం దగ్గరా!

"సరే, తాడు ఇంకెవరి చేతికైనా ఇమ్మను" అన్నాను.

కుదరదన్నాడు. తాడు పట్టేవాడు లైసెన్సు వచ్చి, ఇదే ప్లాంటులో పనిచేసేవాడై ఉండాలి, అలాంటివాడు పెని ఒక్కడే. పోనీ వాడి చెవుల్లో దూది పెడతానన్నాను. తాడు పట్టినవాడికి చెవులు వినబడి తీరాలట, లేకపోతే కేక వేస్తే ఎలా అన్నాడు. వాడు చెప్పిన ప్రతి రూలూ విడిగా చూస్తే బాగానే ఉంది. అన్నీ కలిపితే మాత్రం మా ఫువా గొంతు మీద కూర్చున్నాయి. శుక్రవారం మధ్యాహ్నం ఇంకొక్కసారి అవకాశం ఇస్తాను, అదే రాత్రి నా విమానం, అన్నాడు.

దొర చెడ్డవాడు కాదు. ఆ మంచితనమే మమ్మల్ని తినేసింది. శుక్రవారం పొద్దున్నే బిస్కెట్ల డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చేశాడు. అక్కాతమ్ముళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి, చేతులు కలపమన్నాడు. వాళ్ళు కలిపారు. మనసులో ఏముందో ఒకరికొకరు చెప్పుకోండి అన్నాడు. ఫువా "బిస్కెట్టు తీసుకో తమ్ముడూ" అంది. పెని "నువ్వు తీసుకో అక్కా" అన్నాడు. దొర చప్పట్లు కొట్టి, ఇప్పుడు ఇద్దరూ కలిసి మురుగు గురించి ఒక మాట చెప్పండి అన్నాడు. ఆ మాటని లోసా ఇంగ్లీషులోనే వదిలేసింది, మా భాషలోకి తీసుకురాలేదు. కానీ వాళ్ళిద్దరికీ ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. పెని లేచి పెరట్లోకి పోయి సీమపనస చెట్టు వెనక నిలబడ్డాడు. దొర నా వైపు చూశాడు. నేను దొర వైపు చూశాను. మా ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు, కానీ వేరే వేరే సంగతులు.

వాడు వెళ్ళాక ఫువా దగ్గర కూర్చున్నాను.

"చూడవే. కట్టుబాటు నేర్పింది నేను. ఇవాళ ఒక్కరోజుకి నేనే తీసేస్తున్నాను. మాట్లాడు. తప్పుంటే నా మీద వేసుకుంటాను."

"పిన్నీ, నువ్వు తీసెయ్యమంటే నా నోరు వింటుందా? ముయ్యడం నేర్పావు, తెరవడం నేర్పలేదు."

నన్ను ఎదిరించి మాట్లాడ్డం దాని జన్మలో అదే మొదటిసారి. కోపం రావాలి, రాలేదు. ఎటు పోవాలో తెలియని దారిలో నిలబడ్డట్టు ఉంది నాకు. కట్టుబాటు తప్పా? కాదు. రూలు తప్పా? పడిపోతే లాగడానికి తాడు ఉండాల్సిందే కదా. తప్పు ఎక్కడా లేకుండా పిల్ల పని పోతోంది. సోమవారమే ఒకటో తారీకు, ఆ రోజు నుంచి టౌను వాడెవడో వచ్చి దాని జాడీ చేతిలోకి తీసుకుంటాడు.

"నాకు ఈ పని పోతే ఏం చెయ్యాలో తెలీదు పిన్నీ" అంది ఫువా. "జీతం గురించి కాదు. పొద్దున్నే లేచి దేన్ని చూడాలి?"

తర్వాత ఇంకా గట్టు మీదే ఉన్న లోసాని పిలిచి, "జవాబులు ఇంగ్లీషులోనే చెప్పాలని రూలుందా?" అని అడిగింది. లోసా కాగితాలు తిరగేసింది. ఏ భాషలోనైనా చెప్పొచ్చు, దుబాసీ ఉంటే చాలు అని ఉంది. "నువ్వు పడమటి వైపు దానివి, నాకు ఏమీ కావు. నువ్వు దొర చెవిలో చెప్పు. మెల్లగా. తాడు దాకా వినబడకుండా" అంది ఫువా.

"నువ్వు చెప్పేది మాత్రం వాడికి వినబడుతుంది కదే?" అన్నాను.

"వినబడనీ పిన్నీ."

ఏం చెయ్యబోతోందో నాకు తెలియలేదు. మధ్యాహ్నం నేనూ వెళ్ళాను. కంచె బయటే ఉండాలన్నారు, ఉన్నాను. పెని తాడు చివర పట్టుకుని ఆరు బారల దూరంలో నిలబడ్డాడు, కళ్ళు ఆకాశం మీద. దొర చేతిలో అట్ట, పెన్ను. లోసా వాడి మోచేతి దగ్గర. ఫువా నురుగు తీసే పొడుగాటి కర్ర తీసుకుని మొదటి తొట్టి దగ్గరికి నడిచింది. దాని తండ్రి బతికున్న రోజుల్లో మా ఊరి తరఫున సభల్లో మాట్లాడేవాడు. ఊరికి పెద్దలు వస్తే ఎదురెళ్ళి, చేతికర్ర నేలకి ఆనించి, ఒక కాలు ముందుకు వేసి, పెద్దల భాషలో స్వాగతం చెప్పేవాడు. ఆ భాషలో కడుపు, కాలు, తిండి, నిద్ర, అన్నిటికీ వేరే మాటలుంటాయి. మామూలు నోళ్ళలో తిరిగే మాట ఒక్కటీ ఉండదు. ఆడది అలా నిలబడి మాట్లాడ్డం మా ఊళ్ళో నేనెన్నడూ చూడలేదు. ఫువా కర్ర కాంక్రీటుకి ఆనించింది. కుడి కాలు ముందుకు వేసింది.

"ఈ ఊరి ప్రతి గృహమునుండి బయలుదేరి, చీకటి మార్గమున నడిచి, మా వాకిటికి విచ్చేసిన అతిథులకు స్వాగతం" అంది.

దొర లోసా వైపు వంగాడు. లోసా కళ్ళు పెద్దవి చేసుకుని, గొంతు తగ్గించి ఏదో చెప్పింది. దొర అట్ట మీద రాయబోయి ఆగాడు.

"గడప వద్ద ఇనుప జల్లెడ కావలి ఉంది. అతిథుల వెంట పిలవకుండా వచ్చిన గుడ్డలు, పుల్లలు అక్కడ ఆగవలెను. దినమునకు రెండు మార్లు నేను వాటిని సాగనంపుతాను. తదుపరి అతిథులు ఈ రెండవ మండపమున ప్రవేశిస్తారు. ఇక్కడ వారికి గాలి వీచబడుతుంది. కంటికి కనబడని పరివారము కోట్లాదిగా ఇక్కడ నివసిస్తోంది. అతిథుల భారమును వారే ఆరగిస్తారు. వారు మాకు ప్రాణసమానులు. వారికి గాలి కొరవడరాదు."

"ఎంత గాలి అని అడుగుతున్నాడు" అంది లోసా.

"లీటరు ఒకటికి రెండు మిల్లీగ్రాములకు తగ్గరాదు."

దొర తలెత్తాడు. గబగబా రాసుకున్నాడు.

అలా ఒక్కో తొట్టి దగ్గరా ఆగి, కర్ర ఆనించి, చెప్పుకుంటూ పోయింది. మూడో తొట్టిలో అతిథులు రెండు గంటలకు పైగా విశ్రమిస్తారంది. బరువైనవారు కిందికి, తేలికైనవారు పైకి సర్దుకుంటారంది. కింద ఆసీనులైన వారిలో కొందరిని మళ్ళీ రెండో మండపానికి ఆహ్వానించాలి, పరివారం తగ్గిపోకుండా. మిగిలిన వృద్ధులను గౌరవంగా ఎండపెట్టే చోటికి తరలించాలి. లోసాకి చెమటలు పడుతున్నాయి. వృద్ధులు అన్న మాటకి దొర ఒకటికి రెండుసార్లు అడిగాడు, ముసలివాళ్ళని ఎక్కడికి తరలిస్తున్నారని. కంచె అవతల ఉన్న నాకు కూడా సగం తెలిసింది, సగం తెలియలేదు. నేను మాత్రం పెనిని చూస్తున్నాను. వాడి చూపు ఆకాశం మీంచి కొబ్బరాకుల మీదికి దిగింది, తర్వాత తాడు మీదికి, ఆఖరికి అక్క వీపు మీదికి వచ్చింది. చెవులు మామూలు రంగులోకి వచ్చాయి.

"గాలి వీచే యంత్రం ఆగిపోతే ఏం చేస్తావని అడుగుతున్నాడు" అంది లోసా.

ఈ ప్రశ్నే అసలైనదట, దీని మీద తప్పితే అన్నీ తప్పినట్టేనట. ఫువా కర్ర పక్కన పెట్టి, రేకుల గది దగ్గరికి వెళ్ళి, కరెంటు మీట చూపించింది. రెండో యంత్రం పట్టీ చేత్తో నొక్కి చూపించింది. వాల్వు చక్రం ఎటు ఎన్ని చుట్లో తిప్పి చూపించింది. తిరిగొచ్చి కర్ర అందుకుంది.

"పరివారము గాలి లేక రెండు గంటలు ఓర్చుకుంటారు. అటుపిమ్మట వారు మరణిస్తారు, అతిథులు మర్యాద తప్పుతారు, ఆ సంగతి గాలి ద్వారా ఊరంతటికీ తెలియవస్తుంది. కనుక నేను అంతవరకు రానివ్వను. పదిహేడు సంవత్సరములుగా రానివ్వలేదు."

లోసా దీన్ని దొర చెవిలో రెండే మాటల్లో చెప్పింది. దొర నవ్వు ఆపుకోలేకపోయాడు.

నాలుగో తొట్టి దగ్గర క్లోరిన్ ఎంతో, ఎంతసేపో చెప్పింది. సముద్రంలోకి పోయే గొట్టం దగ్గర నిలబడి, గొంతు పెంచి ముగించింది. "వచ్చినవారు ఎవరి ఇంటివారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. వారు నిర్మలులై మహాసముద్రుని గృహమునకు తరలిపోతున్నారు. వారికి వీడ్కోలు."

"మాలియే!"

కేక పెట్టింది పెని. సభలో మాట చక్కగా పడితే వినేవాళ్ళు అలా అంటారు, భలే చెప్పావని.

దొర ఎగిరి రెండడుగులు వెనక్కి దూకాడు. తాడు పట్టినవాడు కేక వేస్తే ప్రమాదమని కదా వాడి రూలు. "ఏమైంది, ఎవరు పడ్డారు" అని వాడు అరుస్తున్నాడు, లోసా వాడి చొక్కా పట్టుకుని ఎవరూ పడలేదని చెప్తోంది. ఫువా మాత్రం కదల్లేదు. వెనక్కి తిరగలేదు. పదకొండేళ్ళలో ఆ ప్లాంటులో తమ్ముడి నోటి నుంచి అది విన్న మొదటి మాట. కర్ర మీద దాని వేళ్ళు తెల్లబడడం నాకు కంచె అవతల నుంచి కనబడింది.

దొర చాలాసేపు రాశాడు. కొట్టేశాడు. మళ్ళీ రాశాడు. లోసాని ఏదో అడిగి తల గోక్కున్నాడు. చివరికి కాగితం చింపి లోసా చేతిలో పెట్టి, ఫువా చెయ్యి గట్టిగా ఊపి, బండి ఎక్కాడు.

"ఏం రాశాడే?" అని కంచె పట్టుకుని అరిచాను.

"డెబ్భై ఎనిమిది! పాసు!" అంది లోసా. "కింద ఒక వాక్యం రాశాడు పెద్దమ్మా. పనిలో సందేహం లేదు, మిగిలినది నాకు అర్థం కాలేదు, అని."

ఇంటికి నడిచి వచ్చాం. పెని పది అడుగులు వెనకగా వస్తున్నాడు. నేను ఆగి, వాడు దగ్గరికి వచ్చాక గొంతు తగ్గించి అడిగాను.

"ఏరా, ఎందుకు అరిచావు?"

"ఏం అరిచానమ్మా?"

"మాలియే అనలేదూ?"

వాడు నిలబడిపోయాడు. "పెదనాన్న మాట్లాడుతున్నట్టే ఉంది. సభలో ఉన్నాననుకున్నాను" అన్నాడు. తర్వాత మొహం ఎర్రబడి, "తప్పయిందా అమ్మా? అంటే నేను విన్నట్టే కదా? వినకూడనిది విన్నట్టేనా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా రోడ్డు వైపు తిరిగి పోయాడు. ఆ రోజు రాత్రి డ్యూటీ వాడిదే.

ఇంట్లోకి వెళ్ళేసరికి ఫువా ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో పోల్చుకోలేకపోయాను. ఎప్పుడైనా సరే, ఏది తప్పో ఏది ఒప్పో ఈ ఇంట్లో నన్నే అడుగుతారు. ఏనాడూ నేను ఒక్క క్షణం తడుముకోలేదు.

"పిన్నీ, తమ్ముడి ఎదుట అన్నట్టా, అననట్టా?"

"నాకు తెలీదే" అన్నాను.

అది నా వైపు అలాగే చూసింది. నేను చెప్పినదాన్ని నమ్మలేనట్టు. తర్వాత కాగితం మడిచి రవికలో పెట్టుకుని, రేపు పొద్దున్న జాడీ కడగాలి అంటూ లేచింది.